ఆరణ్యపర్వమున సమాననాములు

పురాణేతిహాసములలోని ప్రధానపురుషుల పేళ్ళు పాఠకులకుఁ దడబాటు గలిగింపవు. ఒక్కమాఱు గనఁబడి మఱుఁగుపడు చిన్నపాత్రల పేళ్ళే చిక్కులకుఁ గారణము. ఆంధ్రభారతమునందలి యారణ్యపర్వ మిందులకుఁ దగిన యుదాహరణము. నన్నయభట్టు విడిచిన యీ పర్వశేషమును, గుండ్లకమ్మ తీరమునందలి అద్దంకి రాజధానిగా 1325 ప్రాంతమున రాజ్యమును స్థాపించిన ప్రోలయవేమారెడ్డి యాస్థానకవి, ఎఱ్ఱాప్రెగ్గడ, పూరించెను. రెండు కాలముల కవులు రచించిన యీ పర్వమున నొకే పేరు వేర్వేఱు వ్యక్తులకుఁ జెల్లుచున్నది.

నన్నయ భాగమునందలి నలుఁడు వీరసేనుని కుమారుఁడు, నిషధాధిపతి. ఎఱ్ఱన భాగమునందలి రామోపాఖ్యానమునకుఁ జెందిన నలుఁడు విశ్వకర్మసుతుఁడు, సేతువుఁ గట్టిన వానరుఁడు. ఈ యిరువురును బ్రసిద్ధులే కావున భ్రాంతికిఁ జోటు తక్కువ. సుబాహుఁ డను పే రట్టిది గాదు. మూలకథలో దమయంతి యడవులఁ దిరిగి చేరిన చేదిపురమున కధిపతి యొక సుబాహుఁడు. పాండవులు గంధమాదనమునకుఁ బోవుచుఁ దమ పరిజనమును విడిచిన కుళిందదేశమున కధిపతి వేఱొక సుబాహుఁడు. ధృతరాష్ట్రపుత్రులలో నొకఁడును, విశ్వామిత్రుని యాగమును జెఱుపవచ్చిన రాక్షసుఁడును ఆ పేరివారే. చేదిరాజమాత దమయంతి తల్లికిఁ దోఁబుట్టువు. ఇరువురు సుబాహులను నొక్కనిగాఁ దలఁచినచో నీ బంధుత్వమును, దానిమీఁద నాధారపడిన కథాసంధియుఁ జెడును. సుషేణుఁడును నిట్టివాఁడే: జమదగ్ని కొడు కొకఁడు, తారకుఁ దండ్రియైన వానరుఁ డొకఁడు, కర్ణుని కొడు కొకఁడు.

కొన్నియెడలఁ దెలుఁగు వ్యాకరణమే చిక్కును బెంచును. విదర్భరాజైన భీముని కూఁతురు సంస్కృతమున దీర్ఘాంతయైన 'భైమీ'. భీమసేనుని కొడుకైన ఘటోత్కచుఁడు హ్రస్వాంతుఁడైన 'భైమి'. తత్సమమగునపుడు స్త్రీలింగపు దీర్ఘము హ్రస్వమగుటచే రెండును తెలుఁగున 'భైమి' యనియే నిలుచును. చిత్రాంగద, చిత్రాంగదుఁడు అనుచోట మాత్రము డుప్రత్యయము భేదమును నిలుపును.

ఈ చిత్రాంగదుని కథయం దాదిపర్వమున నామసామ్యమే ప్రాణము మీఁదికి వచ్చినది. శంతనుని కొడుకైన చిత్రాంగదు నాతని పేరే గల గంధర్వరాజు కురుక్షేత్రమున నెదిర్చి, మూఁడేండ్లు పోరి చంపెను. పిదప భీష్ముఁడు విచిత్రవీర్యునకుఁ బట్టముఁ గట్టెను. కురువంశకథ యాపై నా మార్గముననే నడచినది.

ఆంధ్రదేశమున నీ చిక్కును దీర్చు తెఱఁగు పూర్వులకుఁ దెలియును. గుంటూరు నేలిన భాస్కరమంత్రికి మనుమ లిరువురు తిక్కనలు. సిద్ధన కొడుకును ఖడ్గతిక్కన యనియు, కొమ్మన కొడుకును గవితిక్కన యనియు లోకము వ్యవహరించెను. రామాయణమున కెక్కిన హుళక్కిభాస్కరుఁడును విశేషణముచేతనే భాస్కరమంత్రినుండి వేఱుపడుచున్నాఁడు. పాఠశాలలలోఁ దాత్పర్యము వ్రాయు పండితులును జిన్నపాత్రలకు 'ఒక రాజు', 'ఒక వానరుఁడు' అని విడువక, తండ్రిపేరు, దేశము, కథాసందర్భము అను మూఁడింటిని జేర్చిన యెడల విద్యార్థులకు సంశయము గలుగదు.