భూస్వరూపం ఆధారంగా నేల వనరుల పటాల తయారీ: పరిశోధకులు గమనించవలసిన అంశాలు

భూసార పరీక్షా ఫలితాలను జి.పి.ఎస్. అక్షాంశ రేఖాంశాలతో జతచేసి జి.ఐ.ఎస్. సాఫ్ట్‌వేర్‌లో చేర్చితే కొద్ది నిమిషాల్లో రంగుల పటం సిద్ధమవుతుంది. అయితే ఆ పటంలో మట్టి నమూనా తీసిన స్థానాలు కొన్ని మాత్రమే. మిగిలిన విస్తీర్ణమంతా అంచనాయే. ఆ అంచనాపై ఆధారపడి ఎరువులు సిఫారసు చేసినప్పుడు, అంచనా తప్పితే నష్టపోయేది రైతు. అందువల్ల పటం తయారీకి ముందు నేల, భూస్వరూపాల సంబంధాన్ని అర్థం చేసుకోవడం అవసరం.

వాలును అనుసరించి మారే నేలలు

దక్కన్ పీఠభూమిలో గ్రానైటు, నైస్ శిలలు గల ప్రాంతాల్లో నేలలు తరచుగా వాలును అనుసరించి మారుతాయి. మిట్టలపై లోతు తక్కువైన, గరుసుతో కూడిన ఎర్ర చల్కలు కనిపిస్తాయి. పల్లాల్లో బంకమన్ను, కాల్షియం, మెగ్నీషియం చేరి నల్లరేగళ్ళు ఏర్పడతాయి. మురుగునీరు పోయే వీలులేని చోట చౌడు తలెత్తుతుంది. తూర్పు ఆఫ్రికాలో నేలలను పరిశీలించిన జి. మిల్నే 1935లో ఇటువంటి వరుసకు 'కెటీనా' అని పేరు పెట్టారు. లాటిన్‌లో ఈ మాటకు గొలుసు అని అర్థం.

గడుల పద్ధతి – పరిమితి

2015లో ప్రారంభమైన భూసార ఆరోగ్య పత్రాల పథకంలో నీటి వసతి గల భూముల్లో 2.5 హెక్టార్లకు, వర్షాధార భూముల్లో 10 హెక్టార్లకు ఒక గడి చొప్పున నమూనాలు సేకరించారు. 10 హెక్టార్ల చదరపు గడికి ఒక్కో భుజం సుమారు 316 మీటర్లు. ఆ దూరంలోనే మిట్ట నుండి పల్లానికి నేల మారిపోవచ్చు.

ఉదాహరణకు, ఒక గడిలో సగం ఎర్రనేల, సగం సున్నం గల నల్లనేల అనుకుందాం. ఎర్రనేలలో లభ్య జింకు కిలోకు 0.9 మిల్లీగ్రాములు, నల్లనేలలో 0.4 మిల్లీగ్రాములు ఉన్నాయనుకుందాం. రెండింటినీ సమానంగా కలిపి పరీక్షిస్తే 0.65 వస్తుంది. సాధారణంగా పాటించే సంధి స్థాయి 0.6 కనుక గడి మొత్తానికి జింకు అవసరం లేదని తేలుతుంది. ప్రయోగశాల విశ్లేషణలో దోషమేమీ లేకపోయినా, పల్లపు రైతుకు అందవలసిన సిఫారసు అందదు.

పటం స్కేలు

1:2,50,000 స్కేలు పటంలో ఒక చదరపు సెంటీమీటరు 625 హెక్టార్లకు సమానం. ఇది రాష్ట్ర స్థాయి ప్రణాళికకు పనికివస్తుంది గాని, రైతు పొలానికి సలహా ఇవ్వడానికి కాదు. 1:10,000 స్కేలులో అదే చదరపు సెంటీమీటరు ఒక హెక్టారును సూచిస్తుంది. కంప్యూటరు తెరపై పటాన్ని ఎంత పెద్దది చేసినా అసలు సర్వేలో లేని వివరం అందులో చేరదు.

అంచనా వేసే విధానం

దగ్గరి స్థానాల నేలలు పోలికగా, దూరపు స్థానాల నేలలు భిన్నంగా ఉంటాయన్నది భూగణాంక శాస్త్రానికి మూలసూత్రం. దూరంతోపాటు ఈ భేదం ఎలా పెరుగుతుందో సెమీవేరియోగ్రామ్ చూపుతుంది. భేదం పెరగడం ఆగిపోయే దూరమే 'రేంజ్'. నమూనాల మధ్య ఎడం రేంజ్ కంటే బాగా తక్కువగా ఉండాలి. దూరం సున్నాకు చేరినా మిగిలే భేదాన్ని 'నగ్గెట్' అంటారు. కొలతలోని దోషం, నమూనాల ఎడం కంటే తక్కువ దూరంలో ఉన్న వైవిధ్యం ఇందులో కలిసి ఉంటాయి. నమ్మదగిన సెమీవేరియోగ్రామ్‌కు సుమారు 100 నమూనాలు కావాలి. 20, 30 నమూనాలతో క్రిగింగ్ చేసిన పటం చూడటానికి నునుపుగా ఉన్నా దాని ఆధారం బలహీనం.

ఎర్రనేల ముగిసి నల్లనేల మొదలయ్యే హద్దు మీదుగా క్రిగింగ్ చేస్తే, వాస్తవంలో లేని మధ్యస్థ నేల పటంలో కనిపిస్తుంది. కాబట్టి ముందుగా మిట్ట, వాలు, పల్లం అని విభజించి, ప్రతి భాగంలోనూ నమూనాలు తీయాలి. ఈ విభజనకు 30 మీటర్ల ఉపగ్రహ ఎత్తుల సమాచారం తోడ్పడుతుంది. అయితే ఒక ఎకరంలో అటువంటి గడులు నాలుగైదుకు మించవు. గట్లు, చదును చేసిన మడులు వాటిలో సరిగా కనిపించవు గనుక క్షేత్ర పరిశీలన, నేల గుంత తవ్వి పొరలను చూడటం తప్పనిసరి.

పరిశోధనకు, విస్తరణకు అన్వయం

ప్రయోగ క్షేత్రాల ఎంపికలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ క్షేత్రంలోనే పటాన్‌చెరు శ్రేణి ఎర్రనేలలు, కాసిరెడ్డిపల్లి శ్రేణి నల్లనేలలు రెండూ ఉన్నాయి. నేల శ్రేణి, లోతు, వాలులో స్థానం పేర్కొనని ప్రయోగ ఫలితం ఏ రైతు పొలానికి వర్తిస్తుందో చెప్పడం కష్టం. అదేవిధంగా బ్లాకులను వాలుకు అడ్డంగా అమర్చితే, ఒక్కో బ్లాకులోని మడులు దాదాపు ఒకే ఎత్తులో ఉండి, నేల భేదం ట్రీట్‌మెంట్ల భేదంతో కలిసిపోదు.

పటాన్ని ప్రకటించే ముందు నమూనాల్లో 20 నుండి 30 శాతం పక్కన ఉంచి, అంచనాలను వాటితో సరిచూడాలి. పటంతోపాటు నమూనాల సంఖ్య, వాటి స్థానాలు, అంచనా దోషం కూడా ముద్రించాలి. దోషం ఎక్కువగా ఉన్న చోట పటాన్ని చూసి సిఫారసు చేయకుండా, ఆ పొలంలో మట్టిని మళ్ళీ పరీక్షించమని చెప్పడమే విస్తరణ శాస్త్రవేత్తకు సరైన మార్గం.