పాత పైథాన్‌ను పీకితే పోయేది పైథాన్ ఒక్కటే కాదు

ఉబుంటుకి కొత్తగా వచ్చిన కుర్రకారులో ఒక నమ్మకం మొండిగా తిరుగుతోంది. పైథాన్ కొత్త వెర్షన్ కావాలంటే ముందు పాతది తీసేయాలట! ‘సుడో ఆప్ట్ రిమూవ్ పైథాన్3’ అని కొడతారు, అడిగినదానికల్లా ‘వై’ నొక్కుతారు. మెషీన్ మళ్లీ ఆన్ చేస్తే డెస్క్‌టాప్ ఉండదు, నల్ల తెర మీద లాగిన్ అడుగుతుంది. తిట్లు మాత్రం లైనక్స్‌కి.

ఉబుంటులో పైథాన్ మన ప్రోగ్రాముల కోసమే పెట్టింది కాదు. సిస్టమ్ తన సొంత పనులకూ దాన్నే వాడుకుంటుంది. ఫైర్‌వాల్‌ను సర్దే యూఎఫ్‌డబ్ల్యూ, అప్‌డేట్లు చూపే అప్‌డేట్ మేనేజర్, కొత్త రిపోజిటరీలు చేర్చే కమాండ్, అన్నీ పైథాన్‌లో రాసినవే. పైథాన్‌ను తీసేయమంటే, ప్యాకేజీలు వేసి తీసే ఆప్ట్ దానిమీద ఆధారపడ్డవాటినీ తీసేస్తుంది. అదీ చెప్పకుండా చేయదు. పోయేవాటి పేర్లన్నీ వరసగా చూపించి, సరేనా అని అడుగుతుంది. ‘ఉబుంటు-డెస్క్‌టాప్’ అన్న పేరు ఆ వరసలోనే ఉంటుంది. చదివితేగా!

అసలు తీయాల్సిన అవసరమే లేదు. 3.10, 3.12 ఒకే మెషీన్‌లో పక్కపక్కనే ఉండగలవు. ఉబుంటు 22.04 తనతో తెచ్చుకున్న 3.10ని దాని మానాన వదిలేసి, 3.12ను వేరుగా వేసుకుని, ప్రాజెక్టుకొక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ పెట్టుకుంటే చాలు. ‘పైథాన్3’ అన్న పేరును కొత్త వెర్షన్‌కి తిప్పేసే తెలివి కూడా వద్దు. ‘ఆప్ట్_పీకేజీ మాడ్యూల్ లేదు’ అన్న ఎర్రర్ చాలామందికి అలాగే వస్తుంది.

పైథాన్ ప్యాకేజీలు వేసే పిప్‌ను సుడోతో, అంటే అడ్మిన్ హక్కులతో, నడిపితే అన్నీ సరిపోతాయన్నది ఈ అపోహకి తమ్ముడు. డెబియన్ 12, ఉబుంటు 23.04 నుంచి సిస్టమ్ పైథాన్‌లో వేయడానికి పిప్పే ఒప్పుకోదు. దాన్ని దాటించే ఆప్షన్ పేరులోనే సిస్టమ్ ప్యాకేజీలు పాడవుతాయని ఉంది. అయినా అతికించేవాళ్లున్నారు.

చిన్నాచితకా అపోహలు: ‘ఆప్ట్ అప్‌డేట్’ సాఫ్ట్‌వేర్‌ను మార్చదు, జాబితాను తాజా చేస్తుందంతే. ‘రిమూవ్’ సెట్టింగుల ఫైళ్లను ఉంచేస్తుంది. ‘పర్జ్’ వాటినీ తుడుస్తుంది కానీ, మీ హోమ్ ఫోల్డర్ జోలికి రాదు.

‘ఆటోరిమూవ్ ప్రమాదం’ అన్న మాటలో మాత్రం కాస్త నిజముందని ఒప్పుకోవాలి. ఒక ప్యాకేజీ వెంట వచ్చినవాటిని, ఆ ప్యాకేజీ పోగానే ఆటోరిమూవ్ అనవసరమైనవిగా లెక్కగట్టి తీసేస్తుంది. అందులో మీరు రోజూ వాడేదీ ఉండొచ్చు. తప్పు ఎప్పుడూ వాడేవాడిదే అనడానికీ లేదు. 2021లో లైనస్ సెబాస్టియన్ అనే యూట్యూబర్, ఉబుంటు మీద కట్టిన పాప్ ఓఎస్‌లో గేమ్‌ల యాప్ స్టీమ్ వేయబోయి డెస్క్‌టాప్ మొత్తం పోగొట్టుకున్నాడు. మూలం ప్యాకేజీల్లోని లోపమే. అయితే ఆప్ట్ హెచ్చరించింది, ‘అవును, చెప్పినట్టు చెయ్యి’ అని పూర్తి వాక్యం టైపు చేయమంది. అతను చేశాడు!

కాబట్టి ఏదైనా తీసేముందు అదే కమాండ్‌ను ‘--డ్రై-రన్’ చేర్చి, సుడో లేకుండా నడపండి. ఏమీ మారదు, ఏం జరగబోతోందో కనిపిస్తుంది. అడక్కుండానే సరే అనేసే ‘-వై’ని, వీడియోల్లో చూసినా సరే, తీసేయండి. ఇప్పటికే డెస్క్‌టాప్ పోయిందా? ఫార్మాట్ చేయకండి. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కి లాగిన్ అవండి, నెట్ ఉంటే పైథాన్3నీ ఉబుంటు-డెస్క్‌టాప్‌నీ మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. ఇంకా ఏవేవి పోయాయో ఆప్ట్ లాగ్ ఫోల్డర్‌లోని హిస్టరీ ఫైలులో తేదీలతో సహా రాసి ఉంటుంది.