వణుకే కాదు, చూపు కూడా!

పెరుగన్నం తెల్ల పళ్ళెంలో పెడితే అత్తమ్మ సగం వదిలేసి లేచారా? ఆకలి లేదేమో అనుకోకండి. ఆమెకు పార్కిన్సన్స్, అదే వణుకుడు జబ్బు ఉంటే, ఆ మిగిలిన అన్నం కంటికి ఆనక పోయి ఉండవచ్చు సుమా!

ఈ జబ్బులో మెదడులో డోపమిన్ అనే రసాయనం తగ్గుతుంది. అది కంటిలోని రెటీనాకూ అవసరమే. అందుకే తెలుపు మీద తెలుపు, మసక వెలుతురులో మెట్టు తేడా తెలియవు. రెప్పలు తక్కువగా ఆర్పడంతో కళ్ళు మండుతాయి. దగ్గరి అక్షరాలు రెండుగా కనబడతాయి. కొందరికి లేని మనుషులు కనిపిస్తారు. అది గాలి సోకడం కాదు. జబ్బు వల్లో, మందుల వల్లో కావచ్చు. డాక్టరుకు చెప్పండి. మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

అన్నం మోదుగాకు విస్తరిలోనో, ముదురు రంగు పళ్ళెంలోనో పెట్టండి. గడపకు పసుపు పూస్తాం కదా, అలాగే మెట్ల అంచులకూ కొట్టొచ్చినట్టు కనిపించే రంగు వేయించండి. రాత్రి బాత్రూం దారిలో చిన్న బల్బు వెలగనివ్వండి.

కరీంనగర్, ఆదిలాబాద్ వైపు ఇళ్ళల్లో పెద్దల చూపు తగ్గితే ‘శుక్లాలే’ అనేస్తాం. అవీ ఉండవచ్చు, పరీక్ష తప్పదు. పాత ఆదిలాబాద్ జిల్లాలోని ముథోల్‌లో ఎల్.వి.ప్రసాద్ కంటి సంస్థ 1996లోనే కేంద్రం తెరిచింది. ఎక్కడికి వెళ్ళినా కంటి డాక్టరుకు వణుకు సంగతి, నరాల డాక్టరుకు కళ్ళ సంగతి చెప్పండి. అత్తమ్మ చెప్పుకోలేకపోతే మీరే చెప్పాలి మరి!