ఇంటి బయటి గోడలకు ఏ పూత మేలు?



గోదావరి డెల్టాలోని రైతు సాధారణముగ తన జీవితమున ఒక్కసారియే ఇల్లు కట్టుకొనును. రెండు మూడు పంటల సొమ్ము, సంఘమునుండి తెచ్చిన అప్పు, ఒక్కొక్కప్పుడు ఇంటనున్న బంగారము గూడ ఆ పనిలో చేరును. పునాదులు, గోడలు, కప్పు ముగియు నాటికి చేతిలోనిది చాలవరకు వ్యయమై, బయటి గోడల పూత మాత్రము మిగిలియుండును. గృహప్రవేశపు ముహూర్తము దగ్గరపడుటచే ఈ పనిలో తొందర కలుగును. ఎదురింటి గోడకు నిగనిగలాడు పలకలు అంటించిరి గనుక మనమును అంటింపవలెనను కోరికయు పుట్టును. నాలుగు వానకాలములు గడచునప్పటికి పలకలు ఊడును, రంగు బుడగలెత్తును, గోడ పాదమున ఉప్పు తేలును. అప్పు మాత్రము అట్లే యుండును. ఇట్టి నష్టము తప్పించుకొను విధమును ఈ వ్యాసమున వివరింతుము.

1. నీరు గోడలోనికి వచ్చు త్రోవలు

బయటి పూత ముఖ్యముగ నీటిని అడ్డుటకే గాని అందమునకు గాదు. మన ప్రాంతమున నీరు మూడు త్రోవల గోడను చేరుచున్నది.

మొదటిది వాన. నైరృతి ఋతువున జల్లు పడమటి, దక్షిణపు గోడలను కొట్టును. ఈశాన్య ఋతువునందును తుపానులయందును తూర్పు, ఉత్తరపు గోడలు దెబ్బతినును. 1996వ సంవత్సరము నవంబరు 6వ తేదీ రాత్రి కాకినాడకు దక్షిణముగ తీరము దాటిన తుపాను కోనసీమను ఎట్లు పాడుచేసెనో పెద్దలందరికిని జ్ఞాపకమే. గాలితో వచ్చు వాన గోడపై జారిపోక, సన్నని బీటలోనికి గూడ దూరును.

రెండవది నేలలోని చెమ్మ. డెల్టాలో నీటిమట్టము నేలకు చేరువగ నుండును. దీపపు వత్తిలో నూనె ఎగబ్రాకునట్లు, నేలలోని నీరు ఇటుకలగుండ రెండు మూడడుగుల ఎత్తువరకు ఎగబ్రాకును. ఆ నీటిలో కరిగియున్న ఉప్పు గూడ వెంట వచ్చును. గోడ ముఖమున నీరు ఆవిరియై పోగా ఉప్పు మిగిలి, గడ్డకట్టి, ఉబ్బి, పూతను లోపలినుండి నెట్టివేయును. సముద్రమునకు చేరువనున్న సఖినేటిపల్లి, మలికిపురము, అల్లవరము, మొగల్తూరు ప్రాంతములలోను, రొయ్యల చెరువుల ప్రక్కనున్న యిండ్లలోను ఈ బాధ యెక్కువ.

మూడవది వరద. 1986 ఆగష్టు, 2022 జూలై వరదలలో లంకగ్రామముల యిండ్లు దినముల తరబడి నీట నిలిచెను. అట్టి గోడ నీటిని పీల్చుకొనకుండుట అసాధ్యము. పీల్చిన నీటిని తిరిగి విడిచిపెట్టునదే అచ్చట మంచి పూత.

కావున పూత బయటి వానను లోనికి రానీయరాదు, లోపలి చెమ్మను బయటికి పోనీయవలెను. ఈ రెండు పనులును ఒక్క పూతతో పూర్తిగ నెరవేరవు. చూరు, పునాది, పూత మూడును కలిసి పనిచేయవలెను.

2. పూతకంటె ముందు చూడవలసినవి

కోనసీమలోని పాత మండువా లోగిళ్లను పరిశీలింపుడు. పెంకుల చూరు గోడను దాటి చాల దూరము వంగియుండును. అరుగు నేలకంటె ఎత్తుగ నుండును. గోడకు సున్నపు పూత యుండును. జల్లు గోడను తాకుటయే తక్కువ. తాకిన తడి సున్నముగుండ ఆరిపోవును. నేటి డాబా యింటికి చూరు లేదు గనుక వాన యంతయు గోడపైననే పడుచున్నది. కిటికీలపైని సన్‌షేడులు కనీసము ఒకటిన్నర అడుగైనను ముందుకు రావలెను. వాటి క్రిందిభాగమున అంచువెంట ఒక గాడి తీసినయెడల నీరు గోడవైపు ప్రాకక అచ్చటనే చుక్కలై రాలును. దీనికగు ఖర్చు స్వల్పము, ఫలము అధికము.

పునాది గోడపైన, ఇంటి నేల మట్టమున, చెమ్మను ఆపు పొరయొకటి గోడ వెడల్పంతయు తప్పక వేయింపవలెను. ఇది గోడ లేపకముందే చేయవలసిన పని. తరువాత ఎంత రంగు పూసినను ఈ లోపము తీరదు. ఇంటిచుట్టు నేల గోడనుండి బయటికి వాలుగ నుండి, వాననీరు నిలువక పోవలెను.

ఇటుకను గూడ పరీక్షింపవలెను. ఊకతో కాల్చు ఆవములలో అంచునున్న యిటుకలు సరిగ కాలవు. రెండిటుకలను ఒకదానితో నొకటి కొట్టిన కంచువలె మ్రోగవలెను. ఎండిన యిటుకను తూచి, ఒక పగలు ఒక రాత్రి నీట నానవైచి మరల తూచిన, బరువు నూటికి 20 వంతులకంటె పెరుగరాదు. ఇటుకను నిలువుగ నిలిపి దాని అడుగుభాగమును లోతులేని పళ్లెములోని నీటిలో నుంచి, నీరంతయు ఇంకి ఆరువరకు ఆగుడు. పైభాగమున తెల్లని ఉప్పు దట్టముగ తేలినయెడల ఆ యిటుక బయటి గోడకు పనికిరాదు.

3. పూతల గుణదోషములు

సున్నపు గచ్చు: పిడుగురాళ్లనుండి వచ్చు రాతి సున్నమైనను, సముద్రతీరపు గుల్ల సున్నమైనను, బాగుగ నీట మగ్గించి, ఇసుకతో గానుగలో రుబ్బి వాడినచో గోడ ఊపిరి విడుచును. సన్నని బీటలు కాలక్రమమున తామే పూడుకొనును. ఆలస్యముగ గట్టిపడుటయు, పని తెలిసిన తాపీవారు అరుదగుటయు దీనిలోని లోపములు. మట్టి అడుసుతో కట్టిన పాత గోడలకు ఇదియే తగినది. ఒక పాలు సున్నమునకు మూడు పాళ్లు ఇసుక చాలును.

సిమెంటు పూత: త్వరగ గట్టిపడును, వానకు ఓర్చును. క్రొత్త యిటుక గోడకు ఒక పాలు సిమెంటు, నాలుగైదు పాళ్లు ఇసుక తగును. సిమెంటు ఎక్కువైన పూత బలముగ నుండునని పలువురు తలంతురు. అది పొరపాటు. అట్టి పూత ఆరునపుడు ముడుచుకొని బీటలు వారును. ఆ బీటలలో దూరిన వాన మరల బయటికి రాజాలదు. మట్టి అడుసు గోడకు సిమెంటు పూత వేయించినచో, చెమ్మ లోన చిక్కి, గోడ మెత్తబడి, పూత పలకలుగ విడిపోవును. రెండింటికి నడుమ మార్గముగ ఒక పాలు సిమెంటు, ఒక పాలు సున్నము, ఆరు పాళ్లు ఇసుక కలిపిన మిశ్రమము బయటి గోడలకు ఎంతయు అనుకూలము.

పూత లేని యిటుక గోడ: బాగుగ కాలిన యిటుకలు దొరికినచో సందులను మాత్రము సిమెంటుతో చక్కగ తీర్చి అట్లే విడువవచ్చును. ఖర్చు తక్కువ, రంగు పని లేదు. జల్లు తీవ్రముగ తగులు తూర్పువైపున మాత్రము ఇది చాలదు.

పింగాణి పలకలు, రాతి పలకలు: వీటి ముఖము నీటిని పీల్చదు. కాని నీరు సందులనుండి వెనుకకు చేరి అచ్చట చిక్కుకొనును. ఎండకు పలకయు గోడయు వేర్వేరుగ సాగుటచే పట్టు సడలును. గోడ పాదమున ఉప్పు కనబడకుండ మూడడుగుల ఎత్తు పలకలంటించుట మన గ్రామములలో వాడుకయైనది. అట్లు చేసినచో చెమ్మ ఆగదు. ఆవిరి యగుటకు చోటులేక పలకలపైభాగమునకు ఎగబ్రాకి, అచ్చట క్రొత్త మచ్చ వేయును. ఎత్తున అంటించిన బరువైన పలక తుపాను గాలిలో ఊడిపడిన ప్రాణాపాయము గూడ కలదు. ముఖద్వారమునకు ఇరువైపుల కొద్దిమేర, చేతికందు ఎత్తున పెట్టించుకొనుట చాలును.

4. పైరంగులు

సున్నపు వెల్ల అన్నిటికంటె చౌక. గోడను తడిపి, తుమ్మబంక కలిపిన పలుచని వెల్ల క్రొత్త గోడకు మూడుమారులు వేయవలెను. ఏటేట మరల వేయవలసియుండుట దీని లోపము. సిమెంటు రంగు తడిపిన గోడపై వేసి, ఆరిన పిదప మరల నీరు చల్లి గట్టిపరుపవలెను. పాత వెల్లను గోకివేయక దానిపై పూసిన నిలువదు. నేటి ఎమల్షను రంగులు వానకు బాగుగ నిలుచును. కాని పూత పూర్తిగ ఆరిన పిదపనే, అనగా సుమారు నాలుగు వారములు గడచిన పిదపనే, వాటిని వేయవలెను. తడి గోడపై వేసిన రంగు బుడగలెత్తుట రంగు తప్పు కాదు, మన తొందర తప్పు. లోపలి గదులకు వాడు డిస్టెంపరు బయట నిలువదు.

5. లెక్క

నలుబది అడుగుల పొడవు, ముప్పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తుగల యిల్లు అనుకొందము. చుట్టుకొలత 140 అడుగులు, గోడల వైశాల్యము 1400 చదరపుటడుగులు. తలుపులకు, కిటికీలకు 150 తీసివేయగా 1250 మిగులును. ఒకటికి అయిదు పాళ్ల మిశ్రమముతో 15 మిల్లీమీటర్ల మందము పూయుటకు నూరు చదరపుటడుగులకు సుమారు 44 కిలోల సిమెంటు, 5.3 ఘనపుటడుగుల ఇసుక పట్టును. ఇల్లంతటికి 550 కిలోలు, అనగా 11 బస్తాలు. ఇటుకల సందులకును, నేలరాలు దానికిని కలిపి 13 బస్తాలని వేసికొనవచ్చును. మందము 20 మిల్లీమీటర్లైనచో 17 బస్తాలు కావలెను. మేస్త్రీ చెప్పిన లెక్క దీనికి మిక్కిలి దూరమైనచో కారణమడుగుడు.

గమేళాలతో కొలుచుట నమ్మదగినది కాదు. 35 సెంటీమీటర్ల పొడవు, 25 వెడల్పు, 40 ఎత్తుగల చెక్కపెట్టె ఒక బస్తా సిమెంటునకు సరియగు కొలత. ఇట్టి పెట్టెయు, ఇసుక జల్లెడయు సంఘమున ఒక్కొక్కటి యున్నచో సభ్యులందరికిని ఉపయోగపడును. నలుగురైదుగురు ఒకేసారి సిమెంటును, సున్నమును కలిసి కొనుట గూడ మేలు.

6. పని చేయించు విధము

ఏటి యిసుకను జల్లించి వాడవలెను. సముద్రతీరపు ఇసుకను, ఉప్పుటేటి యిసుకను తాకరాదు. నీరు తియ్యనిదై యుండవలెను. ఇనుము వేసిన కాంక్రీటునకు వాడు నీటిలో క్లోరైడు లీటరునకు 500 మిల్లీగ్రాములు మించరాదని భారతీయ ప్రమాణము. వేసవిలో కాలువలు కట్టివేయుటచే పలువురు ఉప్పుబోరు నీటితో పని సాగింతురు. ఆ ఉప్పు గోడలోనే నిలిచిపోవును. కాలువ నీరున్నపుడే తొట్లు నింపుకొనుట మంచిది.

సార్వా పంట ఇంటికి చేరిన పిదప, డిసెంబరు నడిమినుండి ఫిబ్రవరివరకు పూత పనికి ఉత్తమకాలము. రోహిణి యెండలలో పూత ఆరకముందే ఎండి పగులును. పూతకు ముందు గోడను తడుపవలెను. కాంక్రీటు స్తంభము ఇటుకతో కలియుచోట బీట రాకుండ సన్నని ఇనుప జాలి కొట్టవలెను. నీరు కలిపిన సిమెంటును అరగంటలోపల వాడవలెను, గట్టిపడినదానిని మరల నీరు పోసి కలుపరాదు. నునుపుకై పొడి సిమెంటు చల్లి రుద్దరాదు, అది వెండ్రుకవంటి బీటలకు మూలము. మరునాటినుండి ఏడు దినములు గోడను తడి ఆరనీయరాదు.

వరదలో మునిగిన గోడకు వెంటనే రంగు వేయింపరాదు. వదులైన పూతను రాల్చి, ఉప్పును పొడి బ్రష్షుతో దులిపి, గాలి తగులనిచ్చి, ఆరిన పిదప సున్నము వేయుట క్షేమము.

7. డబ్బు చాలనప్పుడు

మొదట చెమ్మను ఆపు పొరకు, సన్‌షేడులకు, ఇంటిచుట్టు నీటిపారుదలకు ఖర్చుపెట్టుడు. పిదప జల్లు తగులు గోడలకు పూత వేయింపుడు. తరువాత మిగిలిన గోడలు. రంగు మరుసటి యేడు వేసికొనవచ్చును, అంతవరకు వెల్ల చాలును. పలకల మాట అన్నిటికి చివర.

ఇల్లు చూడవచ్చినవారు ముందుగోడను ఒకమారు చూచి పోవుదురు. ఆ యింట వర్షాకాలమంతయు పండుకొనువారు మన పిల్లలు, మన వృద్ధులు. ఇంటిలో నిలువచేయు ధాన్యము, విత్తనములు గూడ ఆ గోడల చెమ్మకే లోనగును. అప్పు తీరకముందే ఊడిపోవు సొగసుకై అప్పు చేయరాదు. కడపటి వాయిదా చెల్లించునాటికి గోడ పొడిగ నిలిచియున్నచో, ఆ సొమ్ము సద్వినియోగమైనట్లే.