పేజీలో కాదు, పేజీ బయట వెతకమని పిల్లలకు నేర్పండి

ఈ రోజు ఎపిసోడ్ స్కూల్ పిల్లలున్న తల్లిదండ్రుల కోసం, టీచర్ల కోసం. ఫోన్‌లో కనిపించిన విషయాన్ని నమ్మాలా వద్దా అని తేల్చుకోవడం పిల్లలకు ఎలా నేర్పాలి? ఇదే మన టాపిక్.

ఇది చిన్న విషయం కాదండి. 2018 ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. పిల్లల్ని ఎత్తుకెళ్ళే ముఠాలు తిరుగుతున్నాయంటూ వాట్సాప్‌లో ఒక వీడియో తెగ తిరిగింది. వీధిలో పిల్లలు ఆడుకుంటుంటే బైక్ మీద ఇద్దరొచ్చి ఒక పిల్లాణ్ణి ఎత్తుకుపోతారు. నిజానికి అది మన దేశంలో తీసిన వీడియోనే కాదు. పాకిస్తాన్‌లోని కరాచీలో, పిల్లలు జాగ్రత్త అని చెప్పడానికి తీసిన ప్రచార చిత్రం. చివర్లో ఆ బైక్ వాళ్ళే పిల్లాణ్ణి తిరిగి తెచ్చి దింపేసి, హెచ్చరిక రాసిన అట్ట చూపిస్తారు. ఎవరో ఆ చివరి ముక్క కత్తిరించి పంపారు. ఇలాంటి పుకార్ల వల్ల ఆ ఏడాది చాలా రాష్ట్రాల్లో అమాయకుల్ని జనం కొట్టి చంపేశారు. మన దగ్గర జోగులాంబ గద్వాలలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి గారు పోలీసుల్ని ఊళ్ళకు పంపి, జానపద పాటలతో కూడా ఇవి అబద్ధాలని చెప్పించారు.

ఇక్కడ ఒక పాయింట్ గమనించండి. ఆ వీడియోని పదిసార్లు చూసినా, జూమ్ చేసి చూసినా దొంగతనం దొరకదు. ఎందుకంటే చూపించిన ముక్కలో గ్రాఫిక్స్ ఏమీ లేవు. దాచిందంతా బయట ఉంది. కానీ మనం పిల్లలకు ఏం చెప్తాం? "జాగ్రత్తగా చదువు, స్పెల్లింగ్ తప్పులున్నాయేమో చూడు, సైట్ నీట్‌గా ఉందేమో చూడు" అంటాం. ఈ రోజుల్లో నీట్‌గా ఉండే సైట్ ఒక పూటలో తయారవుతుంది. సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాబట్టి ఈ మాట ధైర్యంగా చెప్పగలను.

స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ ఇదే పరీక్షించారు. పీహెచ్‌డీ ఉన్న చరిత్రకారులు 10 మంది, ఫ్యాక్ట్ చెకర్లు 10 మంది, స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు 25 మంది. పిల్లల డాక్టర్ల సంఘాలవే రెండు సైట్లు చూపించారు. ఒకటి 1930లో పుట్టిన పెద్ద సంఘం. రెండోది దాన్నుంచి విడిపోయి 2002లో పెట్టుకున్న చిన్న గ్రూపు. పేర్లు కూడా దగ్గరదగ్గరగా ఉంటాయి. ఏది ఎక్కువ నమ్మదగినది అని అడిగితే ఫ్యాక్ట్ చెకర్లు అందరూ పెద్ద సంఘాన్నే చెప్పారు. విద్యార్థుల్లో ఎక్కువమంది, చరిత్రకారుల్లో సగం మంది అలా చెప్పలేకపోయారు.

తేడా తెలివిలో లేదండి, అలవాటులో ఉంది. మిగతావాళ్ళు ఆ పేజీలోనే ఉండిపోయి పైనుంచి కిందికి చదివారు. ఫ్యాక్ట్ చెకర్లు కాసేపట్లోనే కొత్త ట్యాబ్‌లు తెరిచి, ఆ సంఘం గురించి బయటివాళ్ళు ఏమంటున్నారో చూశారు. దీన్ని లేటరల్ రీడింగ్ అంటారు. మన భాషలో చెప్పాలంటే పక్కచూపు చదువు. సంబంధం చూసేటప్పుడు అబ్బాయి ఎలాంటివాడో అబ్బాయినే అడిగి ఊరుకోం కదా, ఊళ్ళో నలుగుర్నీ వాకబు చేస్తాం. అదే ఇది.

పిల్లలకు మూడే మూడు ప్రశ్నలు నేర్పండి. ఒకటి, ఇది చెప్తున్నది ఎవరు? రెండు, ఆధారం ఏంటి? మూడు, వేరేవాళ్ళు దీని గురించి ఏమంటున్నారు? ఫొటో అయితే గూగుల్ లెన్స్‌లో పెట్టి, అది ముందు ఎప్పుడు, ఎక్కడ వచ్చిందో చూడమనండి. వీడియో అయితే స్క్రీన్‌షాట్ తీసి అలాగే వెతకాలి.

క్లాసులో చేయించడానికి ఒక మంచి ఉదాహరణ చెప్తాను. "మన జాతీయ గీతాన్ని ప్రపంచంలోనే ఉత్తమమైనదిగా యునెస్కో ప్రకటించింది" అనే ఫార్వర్డ్ మీకూ వచ్చే ఉంటుంది. అది అబద్ధం. యునెస్కో అలాంటి ప్రకటన ఏదీ చేయలేదు. పిల్లల్నే వెతకనివ్వండి. తర్వాత ఒక ప్రశ్న అడగండి: "ఇది చదవగానే నీకు ఏమనిపించింది?" గర్వంగా అనిపించింది అంటారు. అక్కడే ఆపి చెప్పండి, భయం కానీ కోపం కానీ గర్వం కానీ పొంగుకొచ్చినప్పుడే ఆగి చూసుకోవాలని.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. "ఏదీ నమ్మొద్దు" అని మాత్రం నేర్పకండి. ఏదీ నమ్మని పిల్లవాడు రేపు డాక్టర్ చెప్పింది కూడా నమ్మడు. కేరళలోని కన్నూర్ జిల్లాలో టీకాల మీద పుకార్లు వచ్చి చాలామంది తల్లిదండ్రులు వెనక్కి తగ్గారు. ఆ తర్వాత అక్కడ సుమారు 150 ప్రభుత్వ స్కూళ్ళలో 'సత్యమేవ జయతే' పేరుతో పిల్లలకు ఫేక్ న్యూస్ మీద క్లాసులు పెట్టారు. టీకా గురించి తప్పుడు మెసేజ్‌ని పట్టుకోవడం ఎంత ముఖ్యమో, ఎవరి మాట వినాలో తెలియడం కూడా అంతే ముఖ్యం. అనుమానించడం సగం పనే. నమ్మదగిన చోటు కనుక్కోవడం మిగతా సగం.

ఈ వారం ఒక పని చేయండి. ఫ్యామిలీ గ్రూప్‌లో వచ్చిన ఒక్క మెసేజ్ తీసుకుని, మీ పిల్లలతో కూర్చుని ఈ మూడు ప్రశ్నలూ వేయండి. పది నిమిషాలు చాలు. ఏం తేలిందో కామెంట్‌లో రాయండి. మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.