ముందు ఖర్చు, తరువాత గ్రాంటు

డబ్లిన్ డాక్‌ల్యాండ్స్‌లో, లిఫీ నది ఒడ్డున 2010లో తెరిచిన కన్వెన్షన్ సెంటర్ మనందరికీ పరిచయమే. దేశదేశాల వైద్యులు, శాస్త్రజ్ఞులు అక్కడికి పరిశోధన పత్రాలు చదవడానికి వస్తుంటారు. అయితే పత్రం ఆమోదం పొందినవారందరూ రాగలుగుతున్నారా?

విశాఖ నుంచో, వరంగల్ నుంచో రావలసిన ఒక యువ పరిశోధకురాలి లెక్క చూడండి. సభ రుసుము, విమానం టిక్కెట్టు, హోటలు గది అన్నీ ముందే చెల్లించాలి. షెంగెన్ వీసా ఇక్కడ పనికిరాదు. ఐర్లండు వీసాకు వేరే దరఖాస్తు పెట్టి, బ్యాంకులో సొమ్ము చూపించాలి. ప్రయాణ గ్రాంట్లు లేకపోలేదు. కాని చాలావాటిలో తిరిగి వెళ్ళి రసీదులు సమర్పించాకే డబ్బు అందుతుంది. అంటే డబ్బున్నవారికే సాయమన్నమాట!

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1920ల తొలినాళ్ళలో ఉన్నత విద్యకై బోస్టన్ వెళ్ళారు. అందుకు మామగారు సమకూర్చిన సొమ్ము, కాకినాడ ఎం.ఎస్.ఎన్. చారిటీస్ ఇచ్చిన హామీ ఆధారమయ్యాయి. ఓడ ఎక్కకముందే అందిన ఆసరా అది.

మన సంఘం గ్రాంట్లు ఇవ్వలేకపోవచ్చు. గ్రాంటు వచ్చేదాకా టిక్కెట్టుకు చేబదులు, నాలుగు రోజులు మన ఇళ్ళలో బస ఇవ్వగలం. ఆలోచించండి.