మీకు తెలుసా? బొగ్గు పెట్టెలో బుల్లి మెదడు

భద్రాచలం రోడ్ స్టేషన్ భద్రాచలంలో లేదు! దాదాపు 40 కిలోమీటర్ల ఇవతల, కొత్తగూడెంలో ఉంది. డోర్నకల్ నుంచి అడవి అంచున ఉన్న ఈ స్టేషన్‌కు వచ్చే రైలు లైనుకు ప్రాణం సింగరేణి బొగ్గు. ఆ బొగ్గుతో నడిచిన ఆవిరి ఇంజన్లు పట్టాల మీద నుంచి వెళ్లిపోయినా, బొమ్మ ఇంజన్లలో వాటి చప్పుడు మళ్లీ వినొచ్చు. అందుకు కావలసింది ఇంజన్‌కు బుల్లి మెదడు లాంటి డిజిటల్ సౌండ్ డీకోడర్.

మామూలు బొమ్మ రైలు పట్టాల్లో కరెంటు పెంచితే వాటిపై ఉన్న ఇంజన్లన్నీ కదులుతాయి. డిజిటల్ పద్ధతిలో కరెంటుతోపాటే ఆదేశాలూ వస్తాయి. డీకోడర్ తన నంబరుకు వచ్చినదాన్నే పాటిస్తుంది. కొత్త డీకోడర్ నంబరు సాధారణంగా 3.

ఆవిరి ఇంజన్‌లో చోటు తక్కువ. అందుకే డీకోడర్‌ను, స్పీకర్‌ను తరచూ వెనకున్న బొగ్గు పెట్టెలో, అంటే టెండర్‌లో అమరుస్తారు. ఎరుపు, నలుపు తీగలు పట్టాల కరెంటుకు. నారింజ, బూడిద రంగువి మోటారుకు. రెండు సిలిండర్ల ఇంజన్ చక్రం ఒక్కసారి తిరిగితే నాలుగు ‘ఛుక్’లు రావాలి. ఈ లెక్క కుదిరినప్పుడే బొమ్మకు ప్రాణం వస్తుంది.

చాలా పాత మోడళ్లలో మోటారు లోహపు చట్రానికి తగిలి ఉంటుంది. దాన్ని విడదీయకుండా కలిపితే డీకోడర్ కాలిపోవచ్చు. తీగలు అతికే ముందు మోటారు చట్రానికి తగలడం లేదని మల్టీమీటర్‌తో తప్పకుండా చూసుకోండి.